ఇంకో విజయలక్ష్మి

మా అమ్మమ్మ పేరు విజయలక్ష్మి. ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు - మా అమ్మా, మా పిన్నీ. ఇద్దరూ పంతం పట్టినట్టు తమ తొలిచూలు ఆడపిల్లకి ఆవిడ పేరే పెట్టుకున్నారు. అసలు కష్టం మా అత్తయ్యకి వచ్చి పడింది. కోడలన్నది అత్తగారి పేరు నోటితో పలకకూడదు కదా! అందుకని మేం పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నాక కూడా ఆవిడకి నేను పెద్దపాపనే, పిన్ని కూతురు చిన్నపాపే. ఆ పుణ్యమా అని మా ఇద్దరికీ తేడా నిలిచింది.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి జంట పేర్లు ఉండే ఉంటాయి. తెలుగువాళ్ళకి పేర్లకేం కరువు లేదు గాని, పెట్టిన పేరే మళ్ళీ పెట్టుకోవడంలో ఉన్న తృప్తి కొత్త పేరులో ఉండదు. ఏ ఊరు చూసినా అరడజను మంది సుబ్బారావులుంటారు. అయినా మా ఊరి పోస్టుమాన్ ఒక్కనాడూ ఉత్తరం తప్పు గుమ్మంలో వెయ్యలేదు. ముందు ఇంటిపేరు చూసేవాడు. అదీ ఒకటే అయితే తండ్రి పేరు చూసేవాడు. అదీ కలిసిపోతే "నూతి దగ్గర సుబ్బారావుగారా, రైసుమిల్లు సుబ్బారావుగారా" అని అరుగు మీద కూర్చున్న వాళ్ళని అడిగేవాడు. ఆలోచిస్తే, పేరన్నది ఊరుమ్మడి నుయ్యి లాంటిది. ఎవరి చేద వాళ్ళు తెచ్చుకోవలసిందే.

ఊరు దాటి వచ్చేశాక పోస్టుమానూ లేడు, అరుగులూ లేవు. రిజిస్టర్లు మిగిలాయి. నాలుగైదేళ్ళ వ్యవధిలో రెండుసార్లు నాకు వాటితో పని పడింది. ఒకసారి డాక్టర్ల రిజిస్టరు, ఇంకోసారి పేటెంట్లది. నేను చదివింది బి.ఏ. రాసేది నవలలు. మందులకీ, రసాయనాలకీ నాకూ ఎంత దూరమో మీరే ఊహించుకోండి. అయినా ఆడవాళ్ళం గనక, ఇంట్లో ఎవరి కాగితం కనపడకపోయినా వెతికే పని మన మీదే పడుతుంది.

మొదటిది మా ఎదురింటి బామ్మగారి మోకాళ్ళ నొప్పుల మూలంగా వచ్చింది. వీధి చివర కొత్తగా ఒక క్లినిక్ వెలిసింది. బోర్డు మీద డాక్టరుగారి పేరు, దాని వెనకాల రైలు పెట్టెల్లాగా డిగ్రీలు. బామ్మగారికి రోజు విడిచి రోజు ఇంజక్షను ఇస్తున్నాడాయన. నొప్పి తగ్గడం మాట అటుంచి కాళ్ళు వాస్తున్నాయి. వాళ్ళ కోడలు భయపడి నా దగ్గరికి వచ్చింది. "మీరు రాసేవాళ్ళు కదండీ, నాలుగూ తెలుస్తాయి. ఆయన అసలు డాక్టరేనా, కాస్త చూసి పెట్టరూ?" అంది.

ఇంటర్నెట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టరు ఎవరైనా చూడవచ్చు. దమ్మిడీ ఖర్చు లేదు. పేరు కొడితే ఆ పేరుగల డాక్టర్లందరూ వరసగా వచ్చి నిలబడతారు. ఒక్కొక్కరి ఎదుట రిజిస్ట్రేషను నంబరు, నమోదైన తేదీ, ఏ రాష్ట్రపు కౌన్సిలు, ఏ విశ్వవిద్యాలయం, ఏ సంవత్సరం - అన్నీ ఉంటాయి. మన పోస్టుమాన్ పద్ధతే అక్కడా! తండ్రి పేరో, భర్త పేరో కూడా ఉంటుంది.

మా వీధి డాక్టరుగారి పేరుతో బోలెడుమంది కనిపించారు. బోర్డు మీది డిగ్రీతో, కాలేజీతో సరిపోయేది మాత్రం ఒక్కరే. ఆయన రిజిస్టరయింది 1974లో. మా బోర్డు మీది ఆయనకి చూడబోతే నలభై నిండినట్టు లేవు. 1974 నాటికి ఆయనగారి తల్లిదండ్రులకి పెళ్ళయిందో లేదో!

నేను కోడలితో, "గొడవ పడకు. ఇన్సూరెన్సు వాళ్ళకి రాయాలి, రిజిస్ట్రేషను నంబరు ఇవ్వండి అని మర్యాదగా అడుగు" అన్నాను. అడిగింది. వచ్చే వారం ఇస్తానన్నాడట. వచ్చే వారానికి బోర్డే లేదు.

ఆయన డాక్టరో కాదో తేల్చడం నా పని కాదు, రాష్ట్ర మెడికల్ కౌన్సిలు పని. అనుమానం వస్తే ఫిర్యాదు చెయ్యవలసిందీ అక్కడే. రిజిస్టరులో పేరు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలో, 5 లక్షల దాకా జరిమానాయో, రెండూనో పడవచ్చు. కాని నా మనసు ఆ బోర్డాయన మీద లేదు. ఆ 1974 నాటి పెద్దాయన మీద ఉంది. ఏ ఊళ్ళో ప్రాక్టీసు చేశాడో, ఎన్ని రాత్రిళ్ళు నిద్ర మానుకున్నాడో! ఆయనకి తెలియకుండానే ఆయన చదువు మా వీధి చివర బోర్డెక్కింది.

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరు క్లినిక్కులో కనపడేలా పెట్టాలనీ, రాసిచ్చే ప్రతి చీటీ మీదా, సర్టిఫికెట్టు మీదా, రసీదు మీదా వెయ్యాలనీ 2002 నాటి నియమావళిలోనే ఉంది. మనం చీటీ అందుకోగానే పరగడుపునా, భోజనం తర్వాతా అన్నది చూస్తాం గాని ఆ నంబరు చూడం. నంబరు ఒక్కటీ చూసినా చాలదు. నంబర్లిచ్చేది రాష్ట్రాల కౌన్సిళ్ళు కాబట్టి ఒకే అంకె ఇక్కడ ఒకరిదీ, ఇంకో రాష్ట్రంలో మరొకరిదీ అయి ఉండవచ్చు. మన దగ్గరే చూడండి, 2014లో రాష్ట్రం రెండయ్యాక కౌన్సిళ్ళూ రెండయ్యాయి. అందుచేత నంబరూ, కౌన్సిలు పేరూ, సంవత్సరమూ మూడూ కలిపి చూడాలి. దేశమంతటికీ కలిపి ఒక్కో డాక్టరుకి ఒక్కో గుర్తింపు నంబరు ఉండాలని 2024 ఆగస్టులో జాతీయ మెడికల్ రిజిస్టరు పోర్టల్ మొదలుపెట్టారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. డాక్టర్ల రిజిస్టరులో ఎంతమంది విజయలక్ష్ములున్నా ఎవరి నంబరు వారికుంది. ఇంటిపేరు మారినా, ఊరు మారినా ఆ నంబరు పట్టుకుని మనిషిని చేరవచ్చు. పేటెంట్ల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ నంబరు మనిషికి కాదు, వస్తువుకి.

మన దేశంలో పేటెంటు కోసం మొట్టమొదటి దరఖాస్తు పడింది 1856 మార్చి 3న, కలకత్తాలో. పెట్టినాయన జార్జ్ ఆల్ఫ్రెడ్ డి పెనింగ్. కనిపెట్టింది ఏమిటనుకున్నారు? పంకా లాగే యంత్రం! ఉక్కబోత ఎంత గొప్ప గురువో చూడండి. ఆ దరఖాస్తు పుణ్యాన డి పెనింగ్ పేరు ఇవాళ్టికీ నిలిచింది. అంతకు ముందు తాడు పట్టుకుని రాత్రంతా పంకా లాగిన కుర్రాళ్ళ పేర్లు మాత్రం ఏ పేటెంటులోనూ ఉండవు.

ఇప్పుడున్నది 1970 నాటి చట్టం, 1972లో అమల్లోకి వచ్చింది. దరఖాస్తు పెట్టిన రోజునించి 20 ఏళ్ళు హక్కు ఉంటుంది, ఏటా కట్టవలసిన ఫీజు కడుతూ ఉంటే. మామూలుగా పద్దెనిమిది నెలలు నిండాక ఆ దరఖాస్తు సంగతి పేటెంటు ఆఫీసు వారి పత్రికలో ప్రకటిస్తారు. ఆ పత్రిక వారం వారం శుక్రవారం నాడు వస్తుంది. హక్కు సాధారణంగా జీతమిచ్చే కంపెనీదే. కాని కనిపెట్టినవాళ్ళు ఫలానా అని పేర్లు ఉంటాయి. అలా పేరు వేయించుకునే హక్కు చట్టంలోనే ఉంది. పేరూ, దేశమూ, చిరునామా - అంతే. ఉద్యోగస్థులకి తరచు కంపెనీ చిరునామాయే ఇస్తారు. నాన్న పేరు లేదు, నూతి దగ్గరా మిల్లు దగ్గరా అన్న ఆనవాలు లేదు. ఆ ఒక్క పేరే దిక్కు.

మగవాళ్ళకి ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. పుట్టినప్పటి పేరే పోయేదాకా ఉంటుంది. మా చిన్నపాప సంగతి వినండి.

దానికి చిన్నప్పటినించీ రసాయన శాస్త్రమంటే పిచ్చి. పిన్ని దాచుకున్న అప్పడాల ఖారం నీళ్ళల్లో కలిపి, నిమ్మకాయ పిండి నురగలు పొంగించి తన్నులు తింది. తర్వాత ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చేసి హైదరాబాదులో ఒక మందుల కంపెనీ లేబరేటరీలో చేరింది. ఒక మందు తయారీలో పెట్టే మెట్లు తగ్గించే పద్ధతి అయిదుగురు కలిసి కనిపెట్టారు. 2009లో దరఖాస్తు పెట్టారు. అందులో దాని పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. ఆ తర్వాత పెళ్ళయింది. మా మరిదికి మస్కట్‌లో ఉద్యోగం. పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు చేరింది. ఇద్దరు పిల్లలు, వాళ్ళ చదువులు, మామగారి జబ్బు. పదకొండేళ్ళు గిర్రున తిరిగిపోయాయి.

2022లో హైదరాబాదు తిరిగి వచ్చి, మళ్ళీ ఉద్యోగం చేస్తానని బయల్దేరింది. ఒక చోట ఇంటర్వ్యూకి పిలిచారు. వాళ్ళు ముందే దాని ఇప్పటి పేరు పెట్టి పేటెంట్లు వెతికారట. సొంతది ఒక్కటీ రాలేదు. సరిగ్గా అదే ఇంటిపేరుతో ఇంకో విజయలక్ష్మి వచ్చింది! ఆవిడకి రంగుల రసాయనాల మీద పదో పన్నెండో ఉన్నాయి. "ఇవన్నీ మీవేనా మేడం? చాలా గొప్పగా ఉన్నాయే" అన్నారట వాళ్ళు. ఇది నోరు తెరిచేలోగా ఇంకో ప్రశ్నలోకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఉద్యోగం చూసిపెట్టిన ఏజెంటు ఫోను చేశాడు. "మేడం, మీరేమీ అబద్ధమాడక్కర్లేదు. వాళ్ళంతట వాళ్ళే అనుకుంటున్నారు. మీరు కాదనకుండా ఉంటే చాలు" అన్నాడు.

రాత్రి పది గంటలకి చిన్నపాప నాకు ఫోను చేసి ఇదంతా చెప్పింది. "అక్కా, పదకొండేళ్ళు ఏం చేశారని అందరూ అడుగుతుంటే చెప్పలేక చస్తున్నాను. ఊరుకుంటే చాలట" అంది. దాని గొంతులో ఉన్నది దురాశ కాదని నాకు తెలుసు. అలసట. నేను ఏం చెప్పాలా అని తడుముకుంటూ ఉంటే, వెనకనించి వాళ్ళ అత్తగారి గొంతు వినిపించింది. "పక్కింటి వాళ్ళ పులుసు మన గిన్నెలో పోసుకుని నేనే కాచానంటావనుకో. రేపెవరైనా వచ్చి ఇంగువ ఎంత వేశావమ్మా అంటే ఏం చెప్తావు?" అన్నారావిడ. చిన్నపాప ఫోనులోనే ఫక్కున నవ్వింది. నాకు పని తప్పింది.

మర్నాడు ఇద్దరం కూర్చుని దాని పేటెంటు వెతకడం మొదలుపెట్టాం. పేటెంటు ఆఫీసు వారి వెబ్‌సైటులో అదీ ఉచితమే. కాని పుట్టింటి పేరు పెట్టినా ఒక పట్టాన దొరకలేదు. ఇంగ్లీషులో లక్ష్మిని కొందరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. కొందరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. విజయ వేరు, లక్ష్మి వేరుగా రాస్తే కంప్యూటరుకి అది మరో మనిషి. మనం ముందు రాసుకునే ఇంటిపేరు కొన్నిచోట్ల వెనక్కి పోతుంది. చివరిమాటే ఇంటిపేరనుకునే దేశాల్లో 'లక్ష్మి' గారి వంశమే ఒకటి తయారవుతుంది.

ఈ అక్షరాల తిప్పలు మనకేమీ కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తన పేరు చివర 'రావు' అని మనం ఇప్పుడు రాసే అక్షరాలతో కాక 'రో' అని చదివేలా రాసుకున్నారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టిన భాస్వరం పరీక్ష ఇప్పటికీ ఆ అక్షరాలతోనే చలామణీ అవుతోంది. ఆయన పరిశోధనలకి అధిపతిగా ఉన్న లెడర్లే సంస్థనించే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. దాని పేటెంటు మీద ఉన్న పేరు మాత్రం ఆ మందు ఇచ్చే బూజును పట్టుకున్న బెంజమిన్ డగ్గర్‌ది. అంతటివారి పేరు దగ్గరే రిజిస్టరు చెప్పేది కొంత, చెప్పనిది కొంత. ఇక చిన్నపాప ఎంత?

నాలుగో రకం స్పెల్లింగుకి దొరికింది. అయిదు పేర్లలో అయిదో పేరు. కంపెనీ వాళ్ళు ఫీజు కట్టడం మానేసినట్టున్నారు, హక్కు ఎప్పుడో పోయింది. పేరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. చిన్నపాప ఆ వరస మీద వేలు పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆరు గంటల బస్సు ఎక్కేదాన్నక్కా. టిఫిను డబ్బా కూడా లేబరేటరీ వాసనే వేసేది" అంది.

ఆ విజయలక్ష్మీ, ఈ విజయలక్ష్మీ ఒకరే అని నిరూపించడానికి కాగితాలు పోగుచేశాం. పెళ్ళి సర్టిఫికెట్టు, పిహెచ్.డి. పట్టా, పాత కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు ఉత్తరం, నోటరీ దగ్గర ప్రమాణ పత్రం. అన్నిటికంటే బాగా ఆదుకున్నది పాస్‌పోర్టు. కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాతదాని నంబరు ఉంటుంది. రద్దుచేసిన ఆ పాత పుస్తకాన్ని చిన్నపాప పట్టుచీరల మధ్య భద్రంగా దాచింది. అందులో పుట్టింటి పేరుంది. ఇవన్నీ జతచేసి, "మీరు చూసిన పన్నెండూ నావి కావు, నాది ఇదిగో ఈ ఒక్కటి" అని రాసి పంపించింది.

ఆ ఉద్యోగం రాలేదు. కథ అయితే నేను ఇప్పించి ఉందును. మూడు నెలలకి ఇంకోచోట, కొంచెం తక్కువ జీతానికి వచ్చింది. అక్కడ దాన్ని తీసుకున్న పెద్దావిడ ఆ ఒక్క పేటెంటునే చదివి, నాలుగో మెట్టులో వేడి ఎందుకు తగ్గించారని అడిగిందట. చిన్నపాప గంటసేపు చెప్పిందట. ఇంగువ లెక్క తెలిసినవాళ్ళకి భయమేముంటుంది!

ఇప్పుడు నా కోరిక ఒకటే. మన అమ్మాయిలు పెళ్ళయ్యాక ఏ ఇంటిపేరు పెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం. కాని చదువు మీదా, లైసెన్సు మీదా, పేటెంటు మీదా ఏ అక్షరాలతో పేరు పడిందో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమనండి, నంబర్లతో సహా. పెళ్ళినాటి నగల పట్టీ రాసి దాచుకుంటాం కదా, ఆ బీరువాలోనే ఇదీ ఉండాలి. పరిశోధనలు చేసే పిల్లలకైతే 2012నించి ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు ఒకటి ఉంది. పేరు ఎన్నిసార్లు మారినా అది మారదు. చిన్నపాప అదీ తీసుకుంది.

ఆ రంగుల విజయలక్ష్మిగారు ఎవరో మాకు తెలియదు. కాని మా ఇంట్లో ఆవిడ చుట్టమైపోయింది. అప్పుడప్పుడు ఆవిడ పేరున కొత్తది ఏదైనా వచ్చిందా అని చిన్నపాప చూస్తూ ఉంటుంది. వస్తే సంతోషిస్తుంది కూడా.

దానిదీ ఈ మధ్యనే కొత్త దరఖాస్తు ఒకటి వెళ్ళింది. ఈసారి పేరు మొదటి పేటెంటులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా రాయించింది. అత్తగారు అప్పుడే వేళ్ళ మీద లెక్క కట్టేశారు. పద్దెనిమిది నెలలూ నిండేది శ్రావణమాసంలోనట. "శ్రావణ శుక్రవారం నాడు అచ్చులో లక్ష్మి పేరు పడితే అంతకంటే ఏం కావాలి?" అంటారావిడ. "అయితే ఏ లక్ష్మో నలుగురికీ తెలియాలి. ఇంటిపేరు ఉంది కదూ? మీ నాన్నగారిది?" అని మళ్ళీ మళ్ళీ అడిగి ఖాయం చేసుకుంటున్నారు.